గిటార్ మీద బ్యాలే సంగీతం: తేలిక వెర్షన్లలో ఏది తీసుకోవాలి?

పుస్తకం అట్ట మీద ‘ఈజీ’ అని ఉన్నంత మాత్రాన నమ్మేయడానికి లేదు. ‘స్వాన్ లేక్’లోని హంసల మెలొడీనే తీసుకోండి. రెండు పుస్తకాల్లో రెండు ఈజీ వెర్షన్లు, రెండూ ఒక్క పేజీవే. ఒకటి వారం తిరిగేసరికి చేతికొస్తుంది. రెండోది నెలైనా మూడో బార్ (తాళంలో ఒక ఆవర్తం) దగ్గరే మొరాయిస్తుంది. నోట్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ ఉండదు. బాస్ నోట్లు (అడుగున మోగేవి) ఓపెన్ తీగల మీద, అంటే నొక్కకుండా మీటే తీగల మీద, పడ్డాయా, ఎడమచేత్తో నొక్కి పట్టుకోవాల్సి వస్తోందా అన్నదే అసలు సంగతి. నొక్కిపట్టిన ప్రతి బాస్ నోటూ ఒక వేలిని కట్టిపడేస్తుంది. మెలొడీ అంతా మిగిలిన మూడు వేళ్లతోనే లాక్కురావాలి.

రెండో తూకం నడక. ఇది అడుగులు వేయడానికి రాసిన సంగీతం. తేలిక చేసేటప్పుడు మధ్యలో కార్డులు (ఒకేసారి మోగే నోట్ల గుంపులు) తీసేయొచ్చు, అలంకారాలు తీసేయొచ్చు, మెలొడీని ఒక ఆక్టేవ్ (స్థాయి) కిందికి దించొచ్చు. మొదటి బీట్ మీద బాస్ తీసేస్తే మాత్రం మూడు బీట్ల నాట్యమైన వాల్ట్జ్‌కి కాళ్లు విరిచేసినట్టే. అరేంజ్ చేసినవాళ్లు ఏం ఉంచారు, ఏం తీసేశారు అన్నది కొనేముందే చూడాలి.

ముందు కీ చూడండి

గిటార్‌లో బాస్ పలికే మూడు తీగలు ఆరోది, ఐదోది, నాలుగోది. వాటి ఓపెన్ నోట్లు వరసగా ఈ (E), ఏ (A), డి (D). అందుకే ఏ, ఈ, డి కీలు (కీ అంటే పాట కుదురుకునే మూల స్వరం), మేజర్ అయినా మైనర్ అయినా, చేతికి అనుకూలంగా ఉంటాయి. జి మేజర్, సి మేజర్ కూడా ఇబ్బంది పెట్టవు. ఆర్కెస్ట్రాకి ఈ బాధ లేదు కనుక ఈ బ్యాలేలు రాసిన చైకోవ్‌స్కీ తనకు కావలసిన కీలో రాసుకుంటూ పోయాడు. హంసల మెలొడీ బి మైనర్. అదే బ్యాలేలోని ‘చిన్న హంసల నాట్యం’ ఎఫ్ షార్ప్ మైనర్. ‘స్లీపింగ్ బ్యూటీ’ వాల్ట్జ్ బి ఫ్లాట్ మేజర్, ‘నట్‌క్రాకర్’లోని చైనా నాట్యం కూడా బి ఫ్లాటే. వీటిని ఉన్న కీలోనే గిటార్ మీద వాయిస్తే అడుగడుగునా చూపుడువేలిని అడ్డంగా పరచి బారే పట్టాల్సి వస్తుంది. ‘ఒరిజినల్ కీలోనే ఇచ్చాం’ అని గొప్పగా రాసిన తేలిక వెర్షన్ కనిపిస్తే అనుమానించాల్సిందే.

మినహాయింపులు ఉన్నాయి. ‘నట్‌క్రాకర్’లోని ‘షుగర్ ప్లమ్ ఫెయిరీ’ నాట్యం మొదటినుంచీ ఈ (E) మైనర్‌లోనే ఉంది. అందులోదే ‘పూల వాల్ట్జ్’ డి మేజర్, రష్యన్ నాట్యం త్రెపాక్ జి మేజర్. ఈ మూడింటినీ కీ మార్చి ఇచ్చిన వెర్షన్ దొరికితే, ఎందుకు మార్చారో పేజీలో కారణం కనపడాలి. కనపడకపోతే అది పియానో పుస్తకం నుంచి ఎత్తిపోసిన సరుకు కావచ్చు.

రికార్డింగ్‌తో కలిపి వాయించాలని ఉంటే కాపో (ఒక ఫ్రెట్ దగ్గర తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్) ఉంది. ఏ మైనర్‌లో నేర్చుకున్న హంసల మెలొడీకి రెండో ఫ్రెట్ మీద కాపో పెడితే బి మైనర్ అవుతుంది. ఈ (E) మైనర్‌లో నేర్చుకున్న చిన్న హంసలకూ అదే రెండో ఫ్రెట్, ఎఫ్ షార్ప్ మైనర్ వచ్చేస్తుంది. పైగా కాపో పెట్టాక ఫ్రెట్లు దగ్గరవుతాయి కాబట్టి వేళ్లు చిన్నవాళ్లకి సాగదీత తగ్గుతుంది.

ఒకే మెలొడీ, మూడు కీలు

కీ మార్పు చేతిలో ఏం చేస్తుందో హంసల మెలొడీ మీద చూస్తే బాగా తెలుస్తుంది.

ఏ మైనర్‌లో మెలొడీ ఇలా నడుస్తుంది: పొడవుగా ఒక ఈ, తర్వాత ఏ, బి, సి, డి మెట్లు ఎక్కి మళ్లీ ఈ. మొదటి ఈ మొదటి తీగ ఓపెన్. ఏ (A) నోటు మూడో తీగ రెండో ఫ్రెట్, బి రెండో తీగ ఓపెన్, సి అదే తీగ మొదటి ఫ్రెట్, డి మూడో ఫ్రెట్. చెయ్యి మొదటి పొజిషన్ (మొదటి నాలుగు ఫ్రెట్ల చోటు) వదలక్కర్లేదు. కింద బాస్‌కి ఐదో తీగ ఓపెన్ ఏ. ఇంతకన్నా తేలిక ఉండదు. చిక్కు మూడో బార్‌లో వస్తుంది. మెలొడీ అక్కడ కిందికి ఎఫ్ దాకా దిగుతుంది, అది నాలుగో తీగ మూడో ఫ్రెట్. ఆ బార్‌లో బాస్‌ని నాలుగో తీగ ఓపెన్ డి మీద రాసి ఉంటే, ఎఫ్ నొక్కగానే ఆ బాస్ చచ్చిపోతుంది. ఒక తీగ మీద రెండు నోట్లు ఒకేసారి నిలవవు కదా. పేజీ మీద ఆ డికి పొడవైన నోట్ గుర్తు వేసి ఉందంటే, రాసినవాళ్లు గిటార్ చేతిలో పట్టుకుని సరిచూసుకోలేదన్నమాట. బాస్‌ని ఐదో తీగ మీదో ఆరో తీగ మీదో పెట్టిన వెర్షన్ తీసుకోండి.

డి మైనర్‌లో మెలొడీ మొదటి తీగ ఐదో ఫ్రెట్ ఏ దగ్గర మొదలై, రెండో తీగ మూడో ఫ్రెట్ డికి దిగి, మెట్లు ఎక్కుతుంది. అడుగున బి ఫ్లాట్, మూడో తీగ మూడో ఫ్రెట్. మెలొడీ మొత్తం పై మూడు తీగల్లోనే ఉంటుంది కాబట్టి నాలుగో తీగ ఓపెన్ డి, ఐదో తీగ ఓపెన్ ఏ రెండూ బాస్‌కి ఖాళీగా దొరుకుతాయి. వినడానికి మూడింటిలో ఇదే నిండుగా ఉంటుంది. కాకపోతే చెయ్యి మొదటి పొజిషన్‌కీ ఐదో ఫ్రెట్‌కీ మధ్య జరుగుతూ ఉండాలి. ఏడాది పైబడి వాయిస్తున్నవాళ్లకి ఇదే మంచిది.

ఈ (E) మైనర్‌లో రెండు దారులు. మెలొడీని పైన ఉంచితే మొదటి నోటే మొదటి తీగ ఏడో ఫ్రెట్. కింద ఉంచితే మెలొడీ రెండో తీగ బి నుంచి ఐదో తీగ సి దాకా దిగి, బాస్ ఉండాల్సిన చోట కూర్చుంటుంది. ఈ కింది వెర్షన్‌ని ‘మరీ తేలిక’ అని అమ్ముతుంటారు. వేళ్లకు తేలికే, చెవికి కాదు. మెలొడీ ఏదో బాస్ ఏదో విడదీసి వినపడేలా వాయించడం కొత్తవాళ్ల పని కాదు. రెండో గిటార్ తోడుంటే తప్ప దీని జోలికి వెళ్లొద్దు.

తేలిక చేయడంలో రకాలు

ఒట్టి మెలొడీ లైన్ ఒక్కటే ఇచ్చే పుస్తకాలు ఉన్నాయి. స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే సంగీతం) చదవడం నేర్చుకునే మొదటి మూడు నెలలకి అవి సరిపోతాయి. వాటి మీద అంతకన్నా ఖర్చు పెట్టడం దండగ.

మెలొడీ పైన, ఓపెన్ తీగ బాస్ కింద, మధ్యలో ఏమీ లేకుండా రెండే లైన్లుగా రాసినవి నా ఉద్దేశంలో చాలామందికి సరైన చోటు. బొటనవేలు బాస్ చూసుకుంటుంది, చూపుడువేలూ నడిమివేలూ మెలొడీ పంచుకుంటాయి. నడక పోదు. తర్వాత మధ్య నోట్లు కలుపుకుంటూ పోవచ్చు కూడా.

మూడో రకంలో మెలొడీ నోట్ల మధ్య ఖాళీని ఆర్పేజియోతో, అంటే కార్డుని ఒక్కో నోటుగా విడగొట్టి నింపుతారు. చూడ్డానికి పేజీ నోట్లతో నల్లగా, భయంగా ఉంటుంది. నిజానికి నెమ్మది మెలొడీలకి ఇది రెండు లైన్ల వెర్షన్ కన్నా మేలు. ఓబో ఊదేవాళ్లు పొడవైన నోటుని ఊపిరున్నంతసేపు నిలబెడతారు. గిటార్ నోట్ మీటిన మరుక్షణం నుంచే ఆరిపోతూ ఉంటుంది. కింద ఆర్పేజియో నడుస్తుంటే చెవి ఆ ఖాళీని పట్టించుకోదు. పైగా హంసల దృశ్యంలో ఓబో వెనక మోగేది హార్ప్ ఆర్పేజియోలే, కాబట్టి ఇది అసలు రంగుకి దగ్గర కూడా. చూసుకోవాల్సింది ఒక్కటే: కుడిచేతి వేళ్ల వరస ఒకే పద్ధతిలో కనీసం నాలుగు బార్లు నడవాలి. బొటనవేలు, చూపుడు, నడిమి, ఉంగరం అని మొదలుపెట్టి ప్రతి బార్‌లోనూ వరస మారిపోతుంటే అది తేలిక వెర్షన్ కాదు.

నాలుగో రకం పూర్తి వాల్ట్జ్ నమూనా: మొదటి బీట్ మీద బాస్, రెండు మూడు బీట్ల మీద చిన్న కార్డు, వీటన్నిటి పైన మెలొడీ. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కార్డు బలంగా పడి మెలొడీ మునిగిపోతుంది. మెలొడీని పైకి తేవడానికి ఉంగరపు వేలితో రెస్ట్ స్ట్రోక్ వాడమంటారు, అంటే మొదటి తీగ మీటి వేలిని రెండో తీగ మీద ఆనించడం. మంచి సలహాయే, కానీ ఆ ఆనిన వేలు రెండో తీగ మోతని ఆపేస్తుంది. కార్డు నోట్లు మూడో, నాలుగో తీగల మీద ఉంటే ఇబ్బంది లేదు. రెండో తీగ మీద ఉంటే ప్రతి బార్‌లోనూ కార్డు తెగుతుంది. కాబట్టి వాల్ట్జ్ వెర్షన్ కొనేముందు మధ్య కార్డు ఏ తీగల మీద ఉందో వేలు పెట్టి చూడండి. ఇంకా తేలిక కావాలంటే మూడో బీట్ కార్డు తీసేసి రెండో దాన్ని ఉంచినది ఎంచుకోండి. ఊపు ఆ రెండో బీట్‌తోనే నిలుస్తుంది.

ఇక డ్యూయెట్. ఇద్దరుంటే దీన్ని మించింది లేదు. వేగంగా పోయే నాట్యాలు ఒంటరిగా సగం స్పీడులో ఈడ్చేకన్నా ఇద్దరు పంచుకుని అసలు స్పీడులో వాయించడం ఎంతో నయం.

ఏ నాట్యం ఎవరికి

షుగర్ ప్లమ్ ఫెయిరీ: మొదటి బ్యాలే ముక్కగా నేను చెప్పేది ఇదే. 1892లో ‘నట్‌క్రాకర్’ మొదటిసారి వేదికెక్కినప్పుడు ఈ మెలొడీని చెలెస్టా (గంటల్లా మోగే కీబోర్డ్ వాద్యం) మీద వాయించారు. చెలెస్టా నోట్ కూడా గిటార్‌లాగే మోగి ఆరిపోయేదే, అందుకే ఇక్కడ నిలకడ సమస్య రాదు. జి, ఈ, జి, తర్వాత ఎఫ్ షార్ప్, డి షార్ప్, ఈ. డి షార్ప్ ఒక్కటీ రెండో తీగ నాలుగో ఫ్రెట్, తక్కినవి మొదటి తీగ మీదే. ఆ వెంటనే డి, సి షార్ప్, సి, బి అని అర మెట్టు చొప్పున దిగే భాగం రెండో తీగ మీద మూడు, రెండు, ఒకటి, ఓపెన్. గిటార్ కోసమే రాశారా అనిపిస్తుంది. బాస్ క్లారినెట్ కిందికి జారుతూ ఇచ్చే జవాబుని చాలా తేలిక వెర్షన్లు కోసేస్తాయి. నాలుగు నోట్లుగానైనా దాన్ని ఉంచిన వెర్షన్ తీసుకోండి, ఆ ముక్కలోని కొంటెతనం అంతా అందులోనే ఉంది. మెలొడీ మొత్తాన్ని హార్మోనిక్స్‌తో (తీగని నొక్కకుండా ఊరికే తాకి పలికించే నోట్లతో) వాయించమన్నది మాత్రం వదిలేయండి. పన్నెండో ఫ్రెట్ మీద తేలిగ్గా పలికే హార్మోనిక్స్ ఓపెన్ తీగల నోట్లే. ఎఫ్ షార్ప్, డి షార్ప్ కోసం కుడిచేతి చూపుడువేలితో తీగని తాకుతూ అదే చేత్తో మీటాలి, అది వేరే స్థాయి పని. కుడిచేతిని బ్రిడ్జ్ దగ్గరికి జరిపి మీటితే చాలు, గంటల మెరుపు కొంత వస్తుంది.

చిన్న హంసలు: ఏ మైనర్‌లో ఉన్నది చూడండి. కింద బసూన్లు రెండే నోట్ల మధ్య ఊగుతుంటాయి. ఏ మైనర్‌లో ఆ రెండూ ఓపెన్ తీగలే, ఐదోది, ఆరోది. ఎడమచేతికి బాస్ బెడదే లేదు. మరి తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఓపెన్ తీగలు ఆగకుండా మోగి ఆ తెగ్గొట్టిన నడకని బురద చేస్తాయి. బొటనవేలు ఐదో తీగ మీటాక వెనక్కి వచ్చి ఆరోదాన్ని మీటేలోగా ఐదోదాన్ని తాకి ఆపాలి. ఈ ఒక్క పనినే మెలొడీ లేకుండా రోజూ ఐదు నిమిషాలు చేస్తే పది రోజుల్లో అలవాటవుతుంది. ఈ (E) మైనర్ వెర్షన్‌లో బాస్ రెండో నోటు ఐదో తీగ రెండో ఫ్రెట్ మీద పడుతుంది. ఆపడం తేలికవుతుంది, వేలు ఎత్తితే చాలు. కానీ ఆ వేలు పాట సాంతం అక్కడే కాపలా ఉండాలి.

‘నట్‌క్రాకర్’లోని అరబ్బీ నాట్యం: ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ గిటార్‌కి అద్భుతంగా కుదురుతుంది. మొదటినుంచీ చివరిదాకా కింద ఒకే శ్రుతి. అసలు కీ జి మైనర్. ఏ మైనర్‌కి మారిస్తే ఓపెన్ ఏ, ఓపెన్ ఈ ఆ శ్రుతిని మోస్తాయి. నెమ్మది నడక. మెలొడీలోని వంపుల్ని ఎడమచేతి స్లర్లతో (మళ్లీ మీటకుండా ఎడమచేతి వేళ్లతోనే పలికించే నోట్లతో) రాసిన వెర్షన్ మంచిది.

పూల వాల్ట్జ్: డి మేజర్, డ్రాప్ డి ట్యూనింగ్‌తో (ఆరో తీగని డికి దించి). పూర్తిగా వాయిస్తే ఏడు నిమిషాల పైచిలుకు సాగే ముక్క ఇది. తేలిక వెర్షన్లలో ఉండేది ఒకటి రెండు మెలొడీలే. హార్న్‌ల మెలొడీ ఒక్కటే శుభ్రంగా ఇచ్చింది, నాలుగు మెలొడీలు అరకొరగా ఇచ్చినదాని కన్నా మేలు.

త్రెపాక్ నిమిషం పైచిలుకులో ముగిసిపోయే మెరుపు. నెమ్మదిగా వాయిస్తే అది త్రెపాక్ కాదు. డ్యూయెట్‌కి వదిలేయండి.

చైకోవ్‌స్కీ దాటి చూస్తే, దెలీబ్ రాసిన ‘సిల్వియా’ (1876)లోని పిజ్జికాతి ముక్కలో వయొలిన్లే విల్లు పక్కన పెట్టి తీగలు మీటుతాయి. గిటార్ మీద అదే రంగు కావాలంటే కుడి అరచేతి అంచుని బ్రిడ్జ్ మీద ఆనించి బొటనవేలి కండతో మీటాలి. అరచెయ్యి ముందుకు జరిగితే నోట్ మూగబోతుంది, వెనక్కి జరిగితే మామూలుగానే మోగుతుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడాలోనే ఉంటుంది కిటుకంతా. పేజీలో విరామం గుర్తులు తీసేసి నోట్లని పొడవుగా సాగదీసిన వెర్షన్ వద్దు, ఈ ముక్కకి ప్రాణం ఆ ఖాళీల్లోనే ఉంది.

ఫాయా రాసిన బ్యాలే ‘త్రీ కార్నర్డ్ హ్యాట్’ (1919)లోని మిల్లర్ నాట్యం ఆర్కెస్ట్రా చేత గిటార్‌ని అనుకరింపజేస్తుంది. దాన్ని మళ్లీ గిటార్‌కి తెస్తే బాగుంటుందని అందరికీ అనిపిస్తుంది, నిజమే. కానీ తేలిక చేస్తే మిగలదు. రస్గెయాదో, అంటే వేళ్లని విసనకర్రలా విప్పుతూ తీగల మీద జార్చే పద్ధతి, రాకుండా ముట్టుకోవద్దు. ప్రొకోఫియెవ్ బ్యాలే ‘రోమియో అండ్ జూలియెట్’లోని నైట్స్ నాట్యం ఈ (E) మైనర్ అని మోసపోకండి. ఆ మెలొడీ కార్డు మెట్ల మీదుగా పైకి ఎగబాకుతూ పోతుంది. తేలిక వెర్షన్లు మధ్యలో ఒక ఆక్టేవ్ కిందికి మడిచేస్తాయి. ఆ మడత మెలొడీ వాక్యం మధ్యలో పడితే వద్దు, వాక్యం చివర పడితే తీసుకోవచ్చు.

గిటార్ విద్వాంసుడే రాసిన బ్యాలే కూడా ఉందని చాలామందికి గుర్తుండదు. ఫెర్నాందో సోర్ ‘సాండ్రియోన్’ అనే సిండ్రెల్లా బ్యాలే 1822లో లండన్‌లో ప్రదర్శించారు, 1825లో మాస్కోలో కొత్త బొల్షోయ్ థియేటర్ తెరిచినప్పుడూ ఆడింది. అందులోని మార్చ్ గిటార్ సోలోగా దొరుకుతుంది. కీ, తీగల పంపకం, వేళ్ల సౌకర్యం అన్నీ గిటార్ తెలిసినవాడి చేతివే. నాలుగైదు తేలిక ముక్కలు అయ్యాక, ఇంకో అరేంజ్‌మెంట్ వెతుక్కునే బదులు దీనికి మారడం మంచిది.

ట్యాబా, స్టాఫా?

రెండు లైన్ల సంగీతానికి ఒట్టి ట్యాబ్ (తీగల గీతల మీద ఫ్రెట్ నంబర్లు రాసే పద్ధతి) చాలదు. ఏ ఫ్రెట్ నొక్కాలో చెబుతుంది గానీ బాస్ నోట్ ఎంతసేపు నిలవాలో చెప్పదు. వాల్ట్జ్‌లో బాస్ మూడు బీట్లూ మోగాలి. ట్యాబ్ చూసి వాయించేవాళ్లు ఒక బీట్ కాగానే వేలు ఎత్తేస్తారు, కింద డొల్లగా వినిపిస్తుంది. స్టాఫ్ పైన, ట్యాబ్ కింద రెండూ ఉన్నది తీసుకోండి. స్టాఫ్‌లో మెలొడీ కాడలు పైకి, బాస్ కాడలు కిందికి విడిగా గీసి ఉండాలి. అన్ని కాడలూ ఒకే వైపు ఉన్న పేజీ ఏదో సాఫ్ట్‌వేర్ ఉమ్మేసినది. ఎడమచేతి వేళ్ల నంబర్లు కష్టమైన చోట్లయినా ఉండాలి.

చైకోవ్‌స్కీ, దెలీబ్ సంగీతం మీద ఇప్పుడు ఎవరికీ కాపీరైట్ లేదు, కానీ అరేంజ్‌మెంట్ మీద అరేంజ్ చేసినవాళ్లకి ఉంటుంది. ఫాయా 1946లో, ప్రొకోఫియెవ్ 1953లో పోయారు. వాళ్ల సంగీతం సంగతి దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి వాటికి ఉచిత వెర్షన్లు తక్కువ.

డ్రాప్ డి పెట్టుకునేవాళ్లకి

ఆరో తీగని ఈ నుంచి డికి దించాక అది ఊరుకోదు. వదులైన తీగ కాసేపటికి కొంచెం పైకి పాకుతుంది. కాబట్టి కావలసినదానికన్నా కొద్దిగా కిందికి దించి, తీగని రెండుసార్లు మెల్లగా లాగి వదిలి, అప్పుడు డికి సరిచేయండి. ఆరో తీగ మీది నోట్లన్నీ రెండు ఫ్రెట్లు పైకి జరుగుతాయి: మూడో ఫ్రెట్ జి ఇప్పుడు ఐదో ఫ్రెట్‌లో ఉంటుంది. పూల వాల్ట్జ్‌లో జి కార్డు వచ్చినప్పుడు ఆ ఐదో ఫ్రెట్‌నీ, మెలొడీలో మొదటి పొజిషన్ నోటునీ ఒకేసారి అడిగే వెర్షన్ ఉంటే పక్కన పెట్టేయండి. ఆ జిని మూడో తీగ ఓపెన్ మీద రాసినవి ఉన్నాయి. బాస్ కొంచెం తేలిపోయినా చెయ్యి బతుకుతుంది.

నాట్యానికి వాయించాల్సి వస్తే

డాన్సర్లు ఎనిమిదేసి లెక్కపెడతారు. ముక్క పదహారు బార్లకో ముప్పై రెండు బార్లకో సరిగ్గా తెగాలి, ముందు నాలుగు లెక్కల ఎత్తుగడ ఉండాలి. సగంలో ఒకటి రెండు బార్లు మింగేసి ‘తేలిక’ చేసిన వెర్షన్లు ఉంటాయి, కచేరీలో ఎవరూ కనిపెట్టరు గానీ డాన్సర్ కాలు గాల్లోనే ఉండిపోతుంది. బార్లు వేలితో లెక్కపెట్టుకోండి. స్పీడ్ మీరు నిర్ణయించేది కాదు, వాళ్లని అడిగి మెట్రోనోమ్ (బీట్ లెక్క కొట్టే యంత్రం) నంబర్ రాసుకోవాలి. కష్టమైన బార్ ఆ నంబర్ దగ్గర రాకపోతే అక్కడ మధ్య నోట్లు వదిలేయండి గానీ స్పీడ్ తగ్గించొద్దు.

ఎంచుకునేముందు నమూనా పేజీ దొరికితే అన్నిటికన్నా నల్లగా ఉన్న నాలుగు బార్లు పట్టుకోండి, మొదటి నాలుగు కాదు. మెట్రోనోమ్‌ని అసలు స్పీడులో సగానికి పెట్టి, బాస్ ఒక్కటే వాయించండి, తర్వాత మెలొడీ ఒక్కటే, తర్వాత రెండూ కలిపి. పదిహేను నిమిషాల్లో ఆగకుండా ఒక్కసారైనా వస్తే ఆ వెర్షన్ మీకు తగినదే. విడివిడిగా వచ్చి, కలిపితే రాకపోతే అదే ముక్క ఇంకో కీలో ఉందేమో చూడండి. బాస్ ఒక్కటే కూడా రాకపోతే ఆ పేజీని ఇంకో ఏడాది తర్వాత తెరవండి.